సి ముందా పైథాన్ ముందా, ఐ3 కొనాలా ఐ7 కొనాలా? డిప్లొమా ఫస్టియర్, రాయగడ

నాగావళి_07
నాది రాయగడ. డిప్లొమా కంప్యూటర్ సైన్స్‌లో ఈ ఏడే చేరాను. పదో తరగతి దాకా ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు, ఇప్పుడు పుస్తకాలన్నీ ఇంగ్లీషు. క్లాసులో హార్డ్‌వేర్ అంటే ముట్టుకోగలిగేది, సాఫ్ట్‌వేర్ అంటే ముట్టుకోలేనిది అని రాయించారు. వైవాలో (నోటి పరీక్షలో) అదే చెప్పాను, మార్కులు వచ్చాయి. కానీ నేను రాసిన ప్రోగ్రాం అసలు ఎక్కడ ఉంటుంది, దాన్ని ఎవరు చదువుతారు, లోపల ఏం జరుగుతుంది అన్నది ఒక్క ముక్క అర్థం కాలేదు.

రెండోది. ల్యాబ్‌లో నీలం తెర టర్బో సి మీద సి నేర్పుతున్నారు. విశాఖలో బీటెక్ చదివే మా పెద్దమ్మ కొడుకు "యాభై ఏళ్ల నాటి భాష నేర్చుకుని ఏం చేస్తావు, పైథాన్ పట్టుకో" అంటున్నాడు.

మూడోది డబ్బు సంగతి, అసలు టెన్షన్ అదే. నాన్నది కిరాణా దుకాణం. 35 వేల దాకా ఇస్తానన్నాడు. ఒక షాపులో ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్ ఆ ధరకి వస్తుంది. ఇంకో షాపులో సెకండ్ హ్యాండ్ ఐ7, 4 జీబీ, 22 వేలు. "మూడు కంటే ఏడు పెద్దది కదా, పైగా 13 వేలు మిగులుతాయి" అంటున్నాడు ఆ షాపాయన. నాన్న అటే మొగ్గుతున్నాడు. ఈ వారంలో తేల్చాలి.

బరంపురం_బాబాయి
సి ముందు. ఇందులో చర్చ లేదు.

కోరాపుట్_కాఫీ
చర్చ ఉంది బాబాయ్. పైథాన్ ముందు. ఫస్టియర్ పిల్లాడికి కావాల్సింది "నేను చెప్పినట్టు మిషన్ చేసింది" అన్న ధైర్యం. పైథాన్‌లో మొదటి గంటలోనే వస్తుంది. సిలో ఆ గంట సెమికోలన్ ఎక్కడ పోయిందో వెతకడానికే సరిపోతుంది.

వంశధార_ఒడ్డు
మొదలెట్టారు. హిరాఖండ్ రైలు ఎక్కి కోరాపుట్ నుంచి బరంపురం చేరేలోపు ఈ చర్చ పది పేజీలు అవుతుంది.

రిపేరు_బెంచ్
భాషల గొడవ మీరు చూసుకోండి, ముందు ఆ ఐ7 సంగతి తేలుద్దాం. తమ్ముడూ, ఐ7 అన్న తర్వాత గీత పెట్టి ఇంకో నంబరు ఉంటుంది. అది చూసి చెప్పు. స్టిక్కర్ మీద లేకపోతే ల్యాప్‌టాప్ ఆన్ చేసి సెట్టింగ్స్‌లో అబౌట్ చూడు. ఆ నంబరు చెప్పకుండా ఐ7 అని మాత్రమే అంటే, బండి పేరు చెప్పి ఏ సంవత్సరం మోడలో దాచినట్టే.

నాగావళి_07
కాలేజీ నుంచి వస్తూ చూశాను అన్నా. ఐ7-4600యు. విండోస్ 10 ఉంది. ఆన్ అవడానికి చాలాసేపు పట్టింది. కొత్త దాంట్లో ఐ3-1215యు అని ఉంది.

రిపేరు_బెంచ్
అనుకున్నదే. నాలుగు అంకెల్లో మొదటి 4 అంటే నాలుగో తరం. 2013లో వచ్చిన చిప్ అది. దాంట్లో ఉన్నవి రెండే కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు. నీ ఐ3-1215యులో 12 అంటే పన్నెండో తరం. ఆరు కోర్లు, రెండు పెద్దవి, నాలుగు చిన్నవి. 3, 5, 7 అనేవి ఒకే తరంలో ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికొస్తాయి. తరాలు మారాక ఆ అంకెకు విలువ లేదు.

ఇంకొకటి. విండోస్ 10కి మామూలు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే ఇంటెల్ చిప్‌ల జాబితా దాదాపు ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది. నాలుగో తరానికి దాంట్లో చోటు లేదు. "నేను ఎక్కించి ఇస్తాను" అని షాపులో అంటారు, ఎక్కుతుంది కూడా. రేపు ఏదైనా అప్‌డేట్ దగ్గర ఆగిపోతే నా దగ్గరికే తెస్తావు.

ఆన్ అవడానికి చాలాసేపు పట్టిందన్నావు కదా. దాంట్లో ఉన్నది తిరిగే హార్డ్ డిస్క్. ల్యాప్‌టాప్ డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతాయి. అంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం సూది కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి, ఐదున్నర మిల్లీసెకన్లు. మనకి అది లెక్కలోకి రాని కాలం. కానీ 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి అంతలో కోటిన్నరకు పైగా టిక్కులు అయిపోతాయి. అన్ని టిక్కులూ ఆ డేటా కోసం ఎదురుచూస్తూ పోవడమే. ఎస్ఎస్‌డీ అంటే డిస్కుకి బదులు చిప్‌లలో డేటా దాచేది, దాంట్లో తిరిగేదేమీ లేదు కాబట్టి ఆ ఆగడం ఉండదు. నా బెంచ్ మీదికి "హ్యాంగ్ అవుతోంది" అని వచ్చే పాత ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి నేను చేసేది ఒకటే, డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేస్తాను, ర్యామ్ పెంచుతాను. ప్రాసెసర్ జోలికి పోను.

ఇల్లు గడవడానికి ఆ 13 వేలు తప్పనిసరి అయితే చెప్పు, వేరే దారి చెబుతాను. లేకపోతే కొత్త ఐ3 తీసుకో.

వంశధార_ఒడ్డు
మా అన్నయ్య కూడా ఇలాగే ఐ7 స్టిక్కర్ చూసి పడిపోయాడు. ఆ ల్యాప్‌టాప్ ఆన్ చేసి స్నానానికి వెళ్లి వస్తాడు.

గుణుపురం_అక్క
తమ్ముడు అడిగిన మొదటి ప్రశ్నని ఎవరూ పట్టించుకోలేదు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. కాస్త పొడుగ్గా చెబుతాను, ఓపిగ్గా చదువు.

నువ్వు రెండు అంకెలు కూడే సి ప్రోగ్రాం రాసి సేవ్ చేశావు. ఆ క్షణంలో అది డిస్కు మీద ఉన్న అక్షరాల వరస, అంతే. నువ్వు ఉత్తరం టైపు చేసి పెట్టుకున్నా అలాగే ఉంటుంది. ప్రాసెసర్‌కి ఆ అక్షరాలతో పని లేదు. దానికి తెలిసినవి చాలా చిన్న పనులు: ఫలానా చోట ఉన్న విలువని రిజిస్టర్‌లోకి (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న పెట్టెలోకి) తెచ్చుకో, రెండు రిజిస్టర్లు కలుపు, ఫలితం సున్నా అయితే ఫలానా చోటికి వెళ్లు. ప్రతి పనికీ ఒక సంఖ్య ఉంటుంది. ఏ సంఖ్యకి ఏ పని అన్నది చిప్ తయారైనప్పుడే ఖాయమైపోతుంది. ఇంటెల్, ఏఎండీ ల్యాప్‌టాప్‌లది ఒక పట్టిక, దాన్ని ఎక్స్86 అంటారు. మన ఫోన్లలో ఉండే ఆర్మ్ చిప్‌లది వేరే పట్టిక. ల్యాప్‌టాప్ కోసం తయారైన ప్రోగ్రాం ఫైలుని ఫోన్‌లో పెడితే నడవకపోవడానికి ఇదొక కారణం.

నీ అక్షరాలని ఆ సంఖ్యలుగా మార్చేది కంపైలర్. అదీ ఒక ప్రోగ్రామే. అది నీ ఫైలు మొత్తం చదివి, తప్పులుంటే చెప్పి, మిషన్ కోడ్ తయారుచేస్తుంది. జవాబు చూపించడానికి నువ్వు ప్రింట్‌ఎఫ్ అని రాశావు కానీ దాని లోపలి కోడ్ నువ్వు రాయలేదు కదా. అది లైబ్రరీలో ఉంటుంది. దాన్ని తెచ్చి నీ కోడ్‌కి కలిపేది లింకర్. అప్పుడు నడిచే ఫైలు తయారవుతుంది. నువ్వు రన్ కొట్టగానే ఆపరేటింగ్ సిస్టం ఆ ఫైలుని డిస్కు నుంచి ర్యామ్‌లోకి తెచ్చి, మొదటి సూచన ఉన్న చోటుని ప్రాసెసర్‌కి చూపిస్తుంది. అక్కడి నుంచి ప్రాసెసర్ ఒక సూచన తెచ్చుకోవడం, అదేమిటో గుర్తుపట్టడం, చెయ్యడం, మళ్లీ తర్వాతది తెచ్చుకోవడం. ఇదే పని. తెర మీద జవాబు చూపించాలంటే నీ ప్రోగ్రాం నేరుగా తెరని ముట్టుకోదు, ఆపరేటింగ్ సిస్టంని అడుగుతుంది. అది డ్రైవర్ (ఆ పరికరాన్ని నడిపే ప్రోగ్రాం) ద్వారా చేయిస్తుంది.

పైథాన్‌లో దారి కొంచెం వేరు. పైథాన్ అని నువ్వు ఇన్‌స్టాల్ చేసేది ముందే మిషన్ కోడ్‌గా మారిపోయి వచ్చిన ప్రోగ్రాం. అది నీ ఫైలు చదివి, బైట్‌కోడ్ అనే మధ్య రూపంలోకి మార్చుకుని, ఒక్కొక్కటిగా తనే అమలు చేస్తుంది. అంటే ప్రాసెసర్ మీద నడిచేది పైథాన్ ఇంటర్‌ప్రెటర్. నీ ప్రోగ్రాం దాని చేతిలో ఉన్న డేటా. మనందరం వాడే ఆ ఇంటర్‌ప్రెటర్‌ని రాసింది సి భాషలో.

ఇక "ముట్టుకోలేనిది" గురించి. సాఫ్ట్‌వేర్ గాల్లో ఉండదు. ర్యామ్‌లో అది అతి చిన్న కెపాసిటర్లలో చార్జి రూపంలో ఉంటుంది. ఆ చార్జి కారిపోతూ ఉంటుంది కాబట్టి సాధారణంగా 64 మిల్లీసెకన్లకోసారి మళ్లీ నింపాలి. కరెంటు పోతే నింపేవాళ్లు లేరు, అంతా పోతుంది. ఎస్ఎస్‌డీలో ఎలక్ట్రాన్లని లోపల బంధించి ఉంచుతారు, అందుకే కరెంటు పోయినా ఉంటుంది. వైవాలో మీ సార్ చెప్పిన నిర్వచనమే చెప్పు. మనసులో మాత్రం ఇది పెట్టుకో.

నాగావళి_07
అక్కా, ఇంత వివరంగా నాకు ఎవరూ చెప్పలేదు. లింకర్ అనే మాట పుస్తకంలో ఉంది కానీ ఎందుకో తెలియదు. ఇప్పుడు తెలిసింది.

బరంపురం_బాబాయి
అక్క చివర్లో చెప్పింది చూశారా? పైథాన్‌ని రాసింది సిలో. కేసు క్లోజ్.

కోరాపుట్_కాఫీ
మొదటి సి కంపైలర్ కూడా సిలో రాసింది కాదు బాబాయ్. అంతకు ముందున్న బి అనే భాష మీదుగా వచ్చింది. ఆ లెక్కన అందరం బి నేర్చుకోవాలి. ఒక పనిముట్టు దేంతో తయారైందన్నది దాన్ని వాడేవాడికి మొదటి పాఠం ఎందుకవ్వాలి?

మా చెల్లెలి సంగతి చెబుతాను. జయపురంలో చదివింది. లెక్కల్లో చురుకు. సిలో పాయింటర్లు (మెమొరీ చిరునామాలు దాచుకునేవి) వచ్చేసరికి ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ ఒక్కసారి ఆగిపోయేది, ఎందుకో చెప్పేది కాదు. "నాకు ఈ కోర్సు రాదు" అని డిసైడ్ అయిపోయింది. సెలవుల్లో నేను పైథాన్ మొదలుపెట్టించాను. పది ఖానాలున్న లిస్టులో పదకొండోది అడిగితే పైథాన్ ఆగి, ఫలానా లైన్‌లో నువ్వు లేని ఖానా అడిగావు అని చెబుతుంది. అదే తప్పు సిలో చేస్తే పక్కనున్న జ్ఞాపకంలో (మెమొరీలో) ఏది ఉంటే అది ఇచ్చేస్తుంది, లేదా కూలబడుతుంది. ఆ ఒక్క తేడాతో ఆ పిల్ల నిలబడింది. తర్వాత సి పరీక్ష కూడా తేలిగ్గా పాసైంది. ఇప్పుడు భువనేశ్వర్‌లో ఉద్యోగం.

బరంపురం_బాబాయి
మీ చెల్లెలు నిలబడడం సంతోషం. కానీ నువ్వు చెప్పిన ఆ ఉదాహరణే నేను సి అనడానికి కారణం. పదకొండో ఖానా అడిగితే సి ఎందుకు ఇస్తుంది? మిషన్‌లో ఖానాలు లేవు కాబట్టి. జ్ఞాపకం అంటే ఒకదాని పక్కన ఒకటి బైట్లు, అంతే. గోడలు కట్టేది భాష. గోడలున్న ఇంట్లోనే పుట్టి పెరిగితే, గోడ కట్టడానికి ఖర్చవుతుందని తెలియదు.

సి 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ చేతుల్లో రూపం తీసుకుంది. మరుసటి ఏడు యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంని దాంట్లో తిరగరాశారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) సిలోనే ఉంది. నీ ఆండ్రాయిడ్ ఫోన్ కింద ఉన్నది ఆ కెర్నలే. "యాభై ఏళ్ల నాటి భాష" అని వంక పెట్టే ఆ బీటెక్ బాబుకి పైథాన్ కూడా 1991లోనే బయటికి వచ్చిందని చెప్పు, అదేమీ నిన్న పుట్టింది కాదు.

నేను మిల్లులో కంట్రోల్ ప్యానెళ్ల దగ్గర పనిచేస్తాను. ఆర్డ్యునో ఊనో ఆర్3 అనే చిన్న కంట్రోలర్ బోర్డు మీద ఉండే చిప్‌లో ర్యామ్ 2 కేబీ. జీబీ కాదు, ఎంబీ కాదు, 2 కేబీ. ప్రోగ్రాం పెట్టుకోవడానికి 32 కేబీ. అక్కడ నీ ఇంటర్‌ప్రెటర్ ఎక్కడ కూర్చుంటుంది?

కోరాపుట్_కాఫీ
ఊనోలో కూర్చోదు, ఒప్పుకుంటాను. కానీ 2021లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికోలో 264 కేబీ ర్యామ్ ఉంది, దాని మీద మైక్రోపైథాన్ (చిన్న చిప్‌ల కోసం చేసిన పైథాన్) చక్కగా నడుస్తుంది. పిల్లలు అరగంటలో ఎల్ఈడీ వెలిగిస్తున్నారు.

బరంపురం_బాబాయి
ఎల్ఈడీ వెలిగించడం వేరు, మోటారు ఆపాల్సిన మిల్లీసెకనులో ఆపడం వేరు.

వంశధార_ఒడ్డు
కాఫీ వర్సెస్ బాబాయి, స్కోరు సమానం. టీ తాగి రండి ఇద్దరూ.

నాగావళి_07
మధ్యలో అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. నాన్న దుకాణం కోసం ఒక ప్రోగ్రాం రాద్దామని చూశాను. రోజువారీ బిల్లులన్నీ ఇస్తే మొత్తం కూడి చూపించాలి. చిన్న అంకెలకి సరిగ్గా వచ్చింది. పండగ ముందు రోజు లెక్క సరిగ్గా 40000 రావాలి. తెర మీద మైనస్ 25536 వచ్చింది. సార్‌ని అడిగితే ఆ సంఖ్య రకం ఇంట్ తీసి లాంగ్ పెట్టమన్నారు. పెడితే సరిపోయింది. ఎందుకో చెప్పలేదు. నాన్న మాత్రం "నీ కంప్యూటర్ నాకు అప్పు చూపిస్తోంది" అని నవ్వాడు.

పర్లాకిమిడి_మాస్టారు
ఈ చర్చలో ఇంతవరకూ వచ్చిన వాటిల్లో అత్యంత విలువైన ప్రశ్న ఇది. జాగ్రత్తగా చదువు బాబూ.

మీ ల్యాబ్‌లో ఉన్న టర్బో సి బోర్లాండ్ అనే సంస్థ 1987లో డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టం కోసం విడుదల చేసినది. అప్పటి 16 బిట్ల ప్రాసెసర్లకు తగ్గట్టు అందులో ఇంట్ అంటే 2 బైట్లు, 16 బిట్లు. 16 బిట్లతో మొత్తం 65536 వేర్వేరు విలువలు రాయవచ్చు. సగం రుణాత్మకాలకు పోగా, మైనస్ 32768 నుంచి 32767 వరకు పడతాయి. 40000 ఆ హద్దు దాటింది. కూడికలో పైకి పొంగిన బిట్ గుర్తు (ప్లస్ లేదా మైనస్) చెప్పే బిట్‌లోకి చేరింది. ఆ బిట్ల నమూనాని యంత్రం రుణసంఖ్యగా చదివింది. 40000లోంచి 65536 తీసెయ్యి, మైనస్ 25536 వస్తుంది. యంత్రం ఏమీ పొరపడలేదు, తనకిచ్చిన చోటులో చెయ్యగలిగినది చేసింది.

ఇప్పటి సి కంపైలర్ జీసీసీలో ఇంట్ మామూలుగా 4 బైట్లు, 214 కోట్ల 74 లక్షల దాకా పడుతుంది. పైథాన్‌లో పూర్ణాంకాలకు ఇలాంటి హద్దే లేదు, సంఖ్య పెరిగే కొద్దీ అదే ఎక్కువ చోటు తీసుకుంటుంది.

దీన్ని చిన్న విషయమని వదిలెయ్యకు. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియాన్ 5 రాకెట్ మొదటిసారి ఎగిరింది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చే చోట విలువ పట్టక, నిమిషం కూడా గడవక ముందే రాకెట్ పేలిపోయింది. మీ నాన్నగారి లెక్కలో జరిగినదీ ఆ కుటుంబానికి చెందిన తప్పే.

పరీక్షలో ఇంట్ సైజు ఎంత అని అడిగితే, మీ ల్యాబ్ కంపైలర్‌లో 2 బైట్లు అని రాసి, అది కంపైలర్‌ని బట్టి మారుతుందని ఒక వాక్యం చేర్చు. ప్రమాణం చెప్పేది కనీసం 16 బిట్లు ఉండాలని మాత్రమే.

కోరాపుట్_కాఫీ
మాస్టారూ, మీరు చెప్పాక నేను కొంచెం తగ్గుతాను. ఆ మైనస్ 25536 పైథాన్‌లో అయితే వాడికి కనపడేదే కాదు.

బరంపురం_బాబాయి
నేనూ ఒకటి ఒప్పుకుంటాను. దుకాణంలో నిజంగా వాడుకోవడానికైతే ఆ ప్రోగ్రాం పైథాన్‌లోనే రాయాలి. నాన్నగారికి సరైన లెక్క కావాలి, పాఠం కాదు.

శబరి_గట్టు
నాది మల్కన్‌గిరి వైపు. ఐటీఐలో కోపా (కంప్యూటర్ ఆపరేటర్, ప్రోగ్రామింగ్ అసిస్టెంట్) ట్రేడ్. మీరందరూ ల్యాప్‌టాప్‌ల గురించి మాట్లాడుతున్నారు, నా దగ్గర ఫోన్ ఒక్కటే ఉంది. సెంటర్‌లో సిస్టం మీద కూర్చోవాలంటే వరసలో ఆగాలి. ఫోన్‌తో ఏమైనా నేర్చుకోవచ్చా, లేక కొనేదాకా ఆగాలా?

గుణుపురం_అక్క
ఆగొద్దు చెల్లీ. ఆండ్రాయిడ్‌లో టర్మక్స్ అనే యాప్ ఉంది. లినక్స్ లాంటి కమాండ్ తెర ఇస్తుంది. అందులో పైథాన్ ఎక్కించుకోవచ్చు, సి కోసం క్లాంగ్ అనే కంపైలర్ ఎక్కించుకోవచ్చు. అది ఫోన్‌లోని ఆర్మ్ చిప్‌కే నేరుగా మిషన్ కోడ్ తయారుచేస్తుంది. ఒకసారి డౌన్‌లోడ్ అయ్యాక నెట్ లేకపోయినా పని చేస్తుంది, మీ వైపు సిగ్నల్ సంగతి నాకు తెలుసు. చిన్న కీబోర్డు, దాన్ని ఫోన్‌కి తగిలించే ఓటీజీ తీగ దొరికితే చేతులకి సుఖం.

పాఠాలకి ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ చూడు. చాలావాటికి తెలుగులో, ఒడియాలో కూడా గొంతు ఉంది. చిన్న చిన్న వీడియోలు, చూసి అక్కడే చేసి మళ్లీ చూడొచ్చు. ఇంగ్లీషు కొంచెం అలవాటయ్యాక ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్‌కి వెళ్లు.

రిపేరు_బెంచ్
ఫోన్ చార్జింగ్‌లో పెట్టి గంటలకొద్దీ కంపైల్ చెయ్యకు చెల్లెమ్మా, బ్యాటరీ ఉబ్బవచ్చు. వేడెక్కితే ఆపెయ్.

నాగావళి_07
అక్కా ఇంకొకటి. ప్రోగ్రాంలో సరుకుల పేర్లు తెలుగులో వేస్తే నాన్న చదువుకుంటాడు. ఒడియా కూడా కావాలి, దుకాణంలో పనిచేసే అబ్బాయికి తెలుగు చదవడం రాదు. టర్బో సిలో పెడితే పిచ్చి గీతలు వస్తున్నాయి.

గుణుపురం_అక్క
టర్బో సి పుట్టిన నాటికి యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకీ సంఖ్యలిచ్చే ప్రమాణం) లేదు, అక్కడ కుదరదు. పైథాన్ 3లో గానీ, లినక్స్‌లో జీసీసీతో గానీ చెయ్యి. నీలాంటి రెండు లిపుల పిల్లాడికి ఇందులో మంచి ఆట ఉంది, చూడు.

కంప్యూటర్‌కి అక్షరం అంటే సంఖ్యే. యూనికోడ్‌లో తెలుగుకి 3072 నుంచి 3199 వరకు కేటాయించారు. ఒడియాకి 2816 నుంచి 2943 వరకు. తెలుగు క సంఖ్య 3093. ఒడియా క సంఖ్య 2837. తేడా 256. త తీసుకో: తెలుగులో 3108, ఒడియాలో 2852. మళ్లీ 256. ఎందుకంటే భారతీయ లిపులన్నిటినీ ఒకే వరసలో అమర్చిన ఇస్కీ అనే మన దేశపు ప్రమాణాన్ని చూసుకుని యూనికోడ్ వాళ్లు ఈ ఖానాలు వేశారు. కాబట్టి ఒడియా మాటలో ప్రతి అక్షరం సంఖ్యకి 256 కలిపితే తెలుగు లిపి వచ్చేస్తుంది. పైథాన్‌లో అక్షరాన్ని సంఖ్యగా మార్చే ఆర్డ్, సంఖ్యని అక్షరంగా మార్చే సీహెచ్‌ఆర్ అనే రెండు ఫంక్షన్లు చాలు, నాలుగు లైన్ల పని.

వంశధార_ఒడ్డు
ఆగండి ఆగండి. ఫోన్‌లో ఇప్పుడే చేశాను. ఒడియాలో కటక అని ఇచ్చాను, తెలుగులో కటక వచ్చింది! ఇన్నాళ్లూ ఈ సంగతి తెలియదు. కానీ రాయగడ ఇస్తే విరిగిపోయింది.

గుణుపురం_అక్క
విరగాలి. ఒడియాలో రాయగడ రాసేటప్పుడు వాడే య, కింద చుక్క ఉన్న డ, ఈ రెండింటికీ తెలుగు వరసలో సరైన జత లేదు. అలాగే మనకున్న ఎ, ఏ తేడా ఒడియా లిపిలో లేదు. ఇలాంటి వాటికి విడిగా ఒక చిన్న పట్టిక రాసుకోవాలి. అక్కడే అసలు ప్రోగ్రామింగ్ మొదలవుతుంది. నాగావళి తమ్ముడూ, ఇది నీకు హోంవర్క్.

పర్లాకిమిడి_మాస్టారు
దీనికి తోడు ఒక ప్రయోగం. తెలుగు అన్న మాట పొడవు పైథాన్ 3లో అడుగు, 6 అంటుంది, ఎందుకంటే మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. అదే మాటని యూటీఎఫ్-8లో (యూనికోడ్ సంఖ్యల్ని బైట్లుగా రాసే పద్ధతిలో) సేవ్ చేసి సిలో బైట్లు లెక్కపెట్టే స్ట్ర్‌లెన్ అడుగు, 18 అంటుంది. ఒక్కో గుర్తుకి 3 బైట్లు. కంటికి కనిపించేవి మూడు అక్షరాలు, పైథాన్‌కి ఆరు, సికి పద్దెనిమిది. మూడూ సరైన జవాబులే. ఏ భాష దేన్ని లెక్కపెడుతోందో తెలుసుకుంటే, బాబాయిగారూ కాఫీగారూ రెండు రోజులుగా దేని గురించి వాదించుకుంటున్నారో నీకు తెలుస్తుంది. ఒకే సమస్యని రెండింటిలోనూ రాసి చూడడం నా సలహా. ఈ వారం సిలో, వచ్చే వారం అదే పైథాన్‌లో.

కోరాపుట్_కాఫీ
మాస్టారు చెప్పిన పద్ధతికి నా ఓటు. వేగం కూడా అలాగే పోల్చు తమ్ముడూ. పది కోట్ల సార్లు తిరిగే లూపు రెండింటిలో రాసి టైము చూడు. సిలో కన్నుమూసి తెరిచేలోపు అవుతుంది, పైథాన్‌లో కూర్చుని చూడాలి. అక్క చెప్పిన ఇంటర్‌ప్రెటర్ మధ్యలో ఎంత పని చేస్తోందో అర్థమవుతుంది. నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రోజూ పైథాన్‌లోనే రాస్తాను, అక్కడ ఆ ఆలస్యం ఎవరికీ పట్టదు.

ఘాట్_రోడ్డు
ఇంతసేపూ చదువుతూ ఉన్నాను, ఒక్క మాట. ఇదంతా బాగుంది కానీ పిల్లాడికి సెమిస్టర్ పరీక్ష ఉంది. ల్యాబ్ ఎక్స్‌టర్నల్ వచ్చి జీసీసీ, యూనికోడ్ అడగరు. వాయిడ్ మెయిన్, క్లియర్ స్క్రీన్, ఫ్యాక్టోరియల్, ఫిబొనాచీ, ఇవే అడుగుతారు. ముందు బ్యాక్‌లాగ్ రాకుండా చూసుకో.

పర్లాకిమిడి_మాస్టారు
మీరన్నది నిజం, పరీక్ష తప్పకూడదు. కానీ రెండూ వేర్వేరు పనులు కావు. ఇంట్లో ఇంట్ మెయిన్ అని ప్రమాణం ప్రకారం రాస్తూ, కంపైలర్‌ని అన్ని హెచ్చరికలూ చూపించమని అడిగి, వాటిని ఒక్కొక్కటీ సరిచేసుకునే పిల్లాడికి ల్యాబ్‌లో ఫ్యాక్టోరియల్ బట్టీ పట్టే అవసరం రాదు. కొనియో, క్లియర్ స్క్రీన్ అనేవి ఆ పాత కంపైలర్‌కి సంబంధించినవి, సి భాషలో భాగం కావు. అది తెలిసి వాడితే నష్టం లేదు.

ఘాట్_రోడ్డు
ఫ్యాక్టోరియల్ అంటే గుర్తొచ్చింది. మాకు ల్యాబ్‌లో 8 ఫ్యాక్టోరియల్ కూడా మైనస్ వచ్చేది. ఎవరూ ఎందుకని అడగలేదు. ఇప్పుడు తెలిసింది, 40320 కదా.

నాగావళి_07
కొత్త ఐ3 తీసుకున్నాం. నాన్నకి ఆ నాలుగో తరం, పన్నెండో తరం తేడా చెబితే వెంటనే ఒప్పుకున్నాడు, సరుకు తయారైన తేదీ చూడకుండా తను కూడా కొనడు. రిపేరు అన్నా, ఒక ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉందని షాపాయన అన్నాడు. ఎలా తెలుస్తుంది?

రిపేరు_బెంచ్
టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్‌లో మెమొరీ నొక్కు. స్లాట్లు ఎన్ని వాడుతున్నారో కింద రాసి ఉంటుంది. రెండింట్లో ఒకటి అని ఉంటే మంచిదే, తర్వాత ఇంకో 8 జీబీ స్టిక్ వేసుకోవచ్చు. కొన్ని మోడళ్లలో ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, అలాంటిదైతే ఎంత పెంచవచ్చో ముందే కనుక్కో. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకున్నావా? లేకపోతే రేపే వెళ్లి రాయించుకో, వారంటీ అడిగినప్పుడు పనికొస్తుంది. పరుపు మీద పెట్టి వాడకు, కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి.

శబరి_గట్టు
టర్మక్స్ ఎక్కించాను అక్కా, పైథాన్‌లో 256 కలిపే ప్రోగ్రాం వచ్చింది! సి కూడా మొదలుపెట్టాను. స్కాన్‌ఎఫ్‌తో ఒక నంబరు తీసుకుని దానికి రెట్టింపు చూపించాలి. నంబరు కొట్టి ఎంటర్ నొక్కగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ఆగిపోతోంది. కంపైల్ అయ్యేటప్పుడు ఏదో వార్నింగ్ వచ్చింది కానీ ఎర్రర్ కాదు కదా అని వదిలేశాను.

బరంపురం_బాబాయి
స్కాన్‌ఎఫ్‌లో నీ నంబరు పేరుకి ముందు ఆండ్ గుర్తు (&) పెట్టలేదు తల్లీ. ఆ గుర్తు పెడితే ఆ పెట్టె ఎక్కడుందో చిరునామా ఇచ్చినట్టు. పెట్టకపోతే దాంట్లో ఉన్న విలువని ఇచ్చినట్టు. స్కాన్‌ఎఫ్ ఆ విలువనే చిరునామా అనుకుని అక్కడ రాయబోయింది. ఆ చోటు నీ ప్రోగ్రాందు కాదు కాబట్టి ఆపరేటింగ్ సిస్టం ఆపేసింది. వచ్చిన వార్నింగ్ సరిగ్గా ఇదే చెప్పి ఉంటుంది, మళ్లీ కంపైల్ చేసి చదువు.

శబరి_గట్టు
వచ్చింది బాబాయ్! వార్నింగ్‌లో కూడా అదే ఉంది, ఇంట్ ఇచ్చావు, ఇంట్ చిరునామా కావాలి అని.

బరంపురం_బాబాయి
అయితే పాయింటర్లు నీకు సగం వచ్చేసినట్టే. ఇప్పుడు రెండు నంబర్లని తారుమారు చేసే ఫంక్షన్ రాయి. ముందు చిరునామాలు లేకుండా రాసి ఎందుకు మారడం లేదో చూడు, తర్వాత చిరునామాలతో రాయి. రెండూ ఇక్కడ పెట్టు, చూస్తాను.